పొగల నడుమ పొయ్యి

నేను ఒక చార్టు రికార్డరును. పేరు వినగానే పాటలు పట్టే యంత్రమనుకోకండి, శబ్దాలతో నాకు పనిలేదు. నాకున్నవల్లా రెండు కలాలు, ఒక కాగితం చుట్ట, ఆ కాగితాన్ని నిదానంగా లాగే ఒక చిన్న మోటారు. తీగలోంచి వచ్చే కరెంటు పెరిగితే నా పెద్ద కలం పైకి పోతుంది, తగ్గితే కిందికి దిగుతుంది. చిన్న కలం పని ఇంకా సులువు. గడియారం సెకనుకొకసారి తట్టినప్పుడల్లా కాగితం అంచున చిన్న గుర్తు పెడుతుంది. సలహాలు చెప్పడం నాకు చేతకాదు. వచ్చింది వచ్చినట్టు గీయడమే తెలుసు.

1964లో హైదరాబాదులో ఒక రేకుల షెడ్డులో నన్ను తయారుచేశారు. అక్కణ్నుంచి నేరుగా ఒక సిమెంటు ఫ్యాక్టరీకి పంపారు. అక్కడి బట్టీ వేడిని ఆరేళ్లపాటు గీశాను. బట్టీ హద్దు మీరి కాలిన రోజున షిఫ్టు సూపర్‌వైజరు నా కలం కింద అగ్గిపుల్ల దోపేవాడు. కలం కాగితానికి తగలదు, గీత పడదు, పైఅధికారికి అంతా చల్లగా కనిపిస్తుంది. వాళ్లు కోరుకున్న గీత వేరు, నేను గీసే గీత వేరు అని నాకు అక్కడే అర్థమైంది. తర్వాత కొత్త యంత్రం వచ్చింది. నన్ను తుప్పు సామాన్ల గుట్టలో పడేశారు.

ఆ గుట్టలోంచి నన్ను ఏరుకున్నవాడు ఫకీరప్ప. కదిరిలో ఇరవై ఏళ్లు కుట్టుమిషన్లు బాగుచేసి, యాభయ్యో ఏట ఎర్రబోడు రేడియో పరిశోధన కేంద్రంలో మెకానిక్కుగా చేరినవాడు. నా పక్కనున్న పళ్లచక్రాన్ని వేలితో ఒక చుట్టు తిప్పి, చెవి దగ్గర పెట్టుకుని విన్నాడు.

"పండ్లు ఒక్కటీ అరగలేదప్పా. దీన్ని యాల పారేసినారో!" అన్నాడు.

నన్ను బస్సులో ఒళ్లో పెట్టుకుని తీసుకుపోయాడు.

ఎర్రబోడు అనంతపురం జిల్లాలో ఒక రాళ్లగుట్ట. దాని వాలులో ఇరవై ఇనుప చట్రాలు, వాటిమీద వందలాది సన్నని తీగలు. ఆకాశం నుంచి వచ్చే రేడియో తరంగాలను ఆ తీగలు పట్టి, కిందనున్న చిన్న షెడ్డులోకి పంపేవి. షెడ్డులో నేనుండేవాణ్ని. రేడియో తరంగాలకు ఎండ అడ్డం కాదు కాబట్టి మా పనంతా పట్టపగలే సాగేది. చూడవచ్చినవాళ్లు "మరి నక్షత్రాలేవండీ?" అని పైకి చూసి, ఎండకు కళ్లు మూసుకునేవారు.

కేంద్రానికి డైరెక్టరు కొమరవోలు సీతాపతిగారు. ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయి వకుళ. బాపట్లలో తంతి గుమాస్తాగా చేసిన ఆయన కూతురు. వయసు ఇరవై తొమ్మిది. కాగితం మీద నా గీత పడుతుంటే, మిగతావాళ్లు ఉత్తరం చదివినట్టు చదివేది.

వాళ్లిద్దరి మధ్యా ఒక గెలాక్సీ ఉంది. డెబ్బై కోట్ల ఏళ్ల కిందట బయల్దేరిన దాని తరంగాలు మా తీగల మీద ఇప్పుడు పడుతున్నాయి. మామూలు గెలాక్సీలు వందలాదిగా కలిసినా ఇవ్వలేనంత రేడియో శక్తిని అదొక్కటే ఇస్తోంది. పైగా ఆ శక్తి దాని నక్షత్రాల మధ్యనుంచి రావడం లేదు. తూర్పున ఒకటీ పడమరన ఒకటీ, బయటికి ఎగదన్నిన రెండు పెద్ద మేఘాల నుంచి వస్తోంది. వాటికి ఆ బలం ఎక్కడిది? ఎప్పుడో ఒక్కసారి పేలి ఆరిపోయిన దాని శేషాలే ఆ మేఘాలని సీతాపతిగారి మాట. పదిహేనేళ్లుగా ఆయన రాసిందంతా అదే. మధ్యలో ఒక చిన్న కేంద్రకం ఉంది, అది ఈ క్షణం కూడా వాటికి శక్తి పోస్తూనే ఉంది అని వకుళ అనుమానం. మా తీగల చూపు మసక చూపు. మేఘాలనూ మధ్యభాగాన్నీ విడదీసి చూడలేదు.

దానికి ఒకే దారి ఉంది. చంద్రుడు. ఆయన ఆ గెలాక్సీకి అడ్డంగా నడిచే రోజుల్లో ఆయన అంచు కత్తిలా పనిచేస్తుంది. ముందు పడమటి మేఘాన్ని కోస్తుంది, తర్వాత మధ్యభాగాన్ని, ఆ తర్వాత తూర్పు మేఘాన్ని. గంట తర్వాత అదే వరసలో వదులుతుంది. ఆ కాసేపట్లో నా కలం ఎలా దిగిందో, ఎలా లేచిందో చూస్తే లోపల ఏముందో తెలిసిపోతుంది. చిక్కేమిటంటే, చంద్రుడి దారి ఆ గెలాక్సీ మీదుగా పోయేది ఆ రెండేళ్లలో నాలుగుసార్లే. మళ్లీ పద్దెనిమిదేళ్ల తర్వాతే. మొదటిసారి గాలివాన తీగలు తెంపింది. రెండోసారి రిసీవరు కాలిపోయింది. మూడోసారి పక్క చేలో నీళ్ల మోటారు పుట్టించిన రేడియో రొద నా కాగితాన్ని నల్లగా చేసింది. మిగిలింది 1973 ఫిబ్రవరిలో ఒక మధ్యాహ్నం, రెండూ పద్నాలుగుకు.

ఆ ముందురోజు ఓబులమ్మ మా షెడ్డుకు వచ్చింది. పక్క చేను ఆమెదే. నలభై ఐదేళ్ల మనిషి, భర్త పోయినప్పటి నుంచి మూడెకరాల వేరుశెనగ చేనూ ఒంటి చేత్తో నడుపుతోంది. ఆమె చేతిలో డైరెక్టరుగారు పంపిన నోటీసు ఉంది.

"రేపు పన్నెండు నుంచి నాలుగు దాంకా మోటరు ఎయ్యొద్దంట. ఈ కరువులో మాకు కరెంటు ఇచ్చేదే ఆ నాలుగు గంటలు. శెనిక్కాయ ఊడలు దిగుతాండాది. ఇప్పుడు నీళ్లు తప్పితే ఏమైతాదో తెలుసునా మీకు?"

"తెలీదక్కా. చెప్పండి," అంది వకుళ.

ఆ జవాబుకు ఓబులమ్మ కోపం కొంచెం తడబడింది. "ఆకు పచ్చగానే ఉంటాది. పీకి చూస్తే కింద కాయ ఉండదు. అంతే," అంది. తర్వాత నా వంకా గోడ మీది కాగితాల వంకా చూసి, "ఇంతకీ మీరు ఏం చూస్తాండారు ఈడ?" అని అడిగింది.

వకుళ గుమ్మం బయటికి చెయ్యి చాపింది. "దూరంగా రెండు పొగలు కనిపిస్తున్నాయనుకోండి. ఒకటి తూర్పుకి, ఒకటి పడమరకి పోతున్నాయి. మధ్యలో పొయ్యి ఉందో లేదో కనబడటం లేదు. ఎప్పుడో ఆరిపోయిన పొయ్యి వదిలిన పొగేనా అది, లేకపోతే పొయ్యి ఇంకా మండుతోందా? అది తేలాలి."

"దగ్గరికి పోయి చూడల్ల."

"పోలేనంత దూరం. రేపు చంద్రుడు వాటికి అడ్డం వస్తాడు. పొగ పెద్దది కదా, మెల్లగా మరుగవుతుంది. పొయ్యి ఉంటే చిన్నది, గబుక్కున మరుగవుతుంది. అది గీతలో తెలిసిపోతుంది."

"నాలుగు గంటలూ అడ్డమే ఉంటాడా?"

"ఉంటాడు ఒక గంట. మాకు కావలసింది మరుగయ్యేటప్పుడు ఒక పది నిమిషాలు, బయటపడేటప్పుడు ఒక పది నిమిషాలు."

"మల్ల నాలుగు గంటలు ఏమిటికి ఆపమన్నారు?"

అంతమంది చదువుకున్నవాళ్లలో ఎవరూ ఆ ప్రశ్న వేసుకోలేదు.

చివరికి ఒప్పందం కుదిరింది. షెడ్డు మీద ఎర్రగుడ్డ ఎగిరితే ఓబులమ్మ మోటారు ఆపాలి, దించితే వేసుకోవచ్చు. చెప్పినంత తేలిక కాదది. ఆమె బావిలో గొట్టం అడుగున వాల్వు కారుతుంది. ఒకసారి ఆపితే గొట్టంలో నీళ్లన్నీ జారిపోతాయి. మళ్లీ పన్నెండు బిందెలు పోస్తే గాని మోటారు నీళ్లెత్తదు. రెండుసార్లు ఆపితే ఇరవై నాలుగు బిందెలు.

"ఇచ్చిన మాట తప్పను. మీరు గుడ్డ దించడం మరవొద్దండి," అని వెళ్లిపోయింది.

మర్నాడు పన్నెండుకు కరెంటు వచ్చింది. నా మోటారు తిరగసాగింది. కలాన్ని నడిపే కరెంటు మాత్రం రిసీవరుతో పాటు బ్యాటరీల మీద ఉండేది. లైను కరెంటు ఎగుడుదిగుళ్లు నా గీతలోకి రాకూడదని వకుళ చేసిన ఏర్పాటు అది. గడియారమూ బ్యాటరీ మీదే. ఫకీరప్ప పావుగంటకొకసారి బయటికెళ్లి, చట్రాల చక్రం తిప్పి, తీగలను చంద్రుడి వైపు సరిచేసి వస్తున్నాడు. తూర్పున మధ్యాహ్నపు ఎండలో అర్ధచంద్రుడు అరిగిన సబ్బుబిళ్లలా ఉన్నాడు.

ఒంటిగంటన్నరకు సీతాపతిగారు వచ్చి గోడవారగా స్టూలు మీద కూర్చున్నారు. "గీత ఏం చెబితే అదేనమ్మా. నాకోసం వెంట్రుకవాసి కూడా వంచకు," అన్నారు వకుళతో. ఆ మాట మనస్ఫూర్తిగానే అన్నారు. అయితే ఆయన చేతివేళ్లు మోకాలి మీద ఆగకుండా కొట్టుకుంటున్నాయి.

రెండూ అయిదుకు ఎర్రగుడ్డ ఎక్కింది. నిమిషంలో చేలో మోటారు ఆగింది. నా కలం కింద గీత నున్నగా, వకుళకు నచ్చేటంత నున్నగా వస్తోంది. రెండూ పద్నాలుగు. గడియారం తట్టు, నా చిన్న కలం గుర్తు, అంతే. గీత కొంచెం వాలింది. ఇంకొంచెం. పడమటి పొగ మరుగవుతోంది. నిమిషంపాటు దిగి దిగి నిలదొక్కుకుంది. ఇక రావలసింది మధ్యభాగం.

అప్పుడు నా కలం ఎగిరి పై అంచుకు కొట్టుకుంది.

మళ్లీ కొట్టుకుంది. మళ్లీ. కాగితం మీద నల్లటి కంప. దాని కింద ఏ గీత ఉందో నాకే తెలియదు. రెండు నిమిషాలు అలాగే బాదుకున్నాను. ఆ నల్లదనం మాటునే మధ్యభాగం మరుగైంది. తూర్పు పొగ కూడా మరుగైంది.

సీతాపతిగారు స్టూలు తన్నుకుని లేచారు. "ఆవిడే! ఆపినట్టే ఆపి మళ్లీ వేసింది!" గుమ్మంలోకి వెళ్లి, గేటు దగ్గరున్న వాచ్‌మన్ నరసోజిని కేకేశారు. "సైకిలెక్కి లైన్‌మన్ దగ్గరికి పో. ట్రాన్స్‌ఫార్మరు దగ్గర ఆ ఓబులమ్మ ఫ్యూజు పీకెయ్యమన్నానని చెప్పు. నేను చెప్పానని చెప్పు!"

నరసోజి సైకిలు గేటు దాటింది.

వకుళ నల్లటి కాగితం మీదికి వంగి చూస్తోంది. కళ్లనిండా నీళ్లున్నాయి గాని చూపు తిప్పలేదు. ఫకీరప్ప ఆమె పక్కన వంగి, గోటితో చూపించాడు.

"ఇది మోటరు కాదమ్మా. మోటరైతే ఒకే తీరు గీక్కుంటా పోతాది. ఇది చూడు, మూడు తూర్లు కొట్టుకోని నిల్చింది, మల్ల మూడు తూర్లు. ట్యూబులైటు ఇది. ఇంతసేపూ బాగానే ఎలిగుంటాది, ఇప్పుడు ఓల్టేజీ సాలక ఎలగను ఆరను అని కొట్టుకుంటాండాది. యాడో దగ్గర్లోనే."

చంద్రుడు అడ్డం వచ్చే రోజున కేంద్రంలో ఎక్కడా దీపం గాని ఫ్యాను గాని వెయ్యకూడదు. ప్రతి గది తలుపుకూ ఆ హెచ్చరిక అంటించి ఉంది, కింద డైరెక్టరుగారి సంతకంతో సహా. ఫకీరప్ప మాట వినగానే సీతాపతిగారు ఎండలోకి నడిచారు. అయిదు నిమిషాలకు తిరిగొచ్చారు. చంకలో ఒక ట్యూబులైటు. స్విచ్చి ఆపి ఊరుకోలేకపోయారు పాపం, పీక్కొచ్చారు.

"నా గదిలోదే. ఫైలు వెతకడానికి వేశాను. ఆర్పలేదు," అన్నారు.

దాన్ని గోడకు ఆనించి, మళ్లీ స్టూలు మీద కూర్చున్నారు. ఎవరైనా ఒక మాట అంటే ఆయనకు కాస్త తేలికయ్యేదేమో. ఆ సిగ్గులో ఆయన నరసోజి సంగతి మరిచిపోయారు. మిగిలిన అవకాశం గురించిన ఆదుర్దాలో మిగతావాళ్లూ మరిచారు.

ఇంకొక్క అవకాశముంది. మూడూ పదహారుకు గెలాక్సీ చంద్రుడి వెనకనుంచి బయటపడుతుంది. గుడ్డ దించారు. దూరంగా ఓబులమ్మ బావిలోకి బిందె దించడం, ఎత్తడం, గొట్టంలో పోయడం గుమ్మంలోంచి కనిపించింది. పన్నెండు బిందెలు. మోటారు నీళ్లందుకుంది. అరగంట పారిందో లేదో, మూడూ అయిదుకు మళ్లీ గుడ్డ ఎక్కింది. మోటారు మళ్లీ ఆగింది. ఆమె మాట తప్పలేదు.

మూడూ తొమ్మిదికి నా కాగితం ఆగిపోయింది.

కలం బతికే ఉంది, గడియారం తడుతూనే ఉంది. కాగితాన్ని లాగే మోటారు చచ్చిపోయింది. సెకను గుర్తులన్నీ ఒకదానిమీదొకటి పడి ఒకే చుక్క అయ్యాయి. ఫకీరప్ప గోడ స్విచ్చి పైకీ కిందికీ వేసి చూశాడు.

"కరెంటు పోయింది. నాలుగు దాంకా ఉండల్ల గదా?"

సీతాపతిగారి ముఖం పాలిపోయింది. "నరసోజి," అన్నారు. "నేనే పంపాను. ఫ్యూజు పీకమని నేనే పంపాను."

నరసోజికి అతను దొరికేసరికే ముప్పావుగంట పట్టింది. ఏది ఎవరి ఫ్యూజో లైన్‌మన్‌కు తెలియలేదు. డైరెక్టరుగారి ఆజ్ఞ కదా అని అక్కడున్న మూడు ఫ్యూజులూ పీకేశాడు. ఆ సంగతి తర్వాత తెలిసింది. అప్పటికి మాకు తెలిసింది ఒక్కటే, ట్రాన్స్‌ఫార్మరు మైలున్నర దూరంలో ఉంది, టైము ఏడు నిమిషాలుంది.

ఫకీరప్ప నా పక్క రేకు ఊడదీశాడు. మోటారు బెల్టు తీసి పారేశాడు. పళ్లచక్రం బయటపడింది. "చేత్తో తిప్పుదాం. నేను చుట్టను పట్టుకోవల్ల, లేకుంటే కాగితం పక్కకి జారతాది. ఎవరన్నా చక్రం తిప్పండి."

వకుళ రిసీవరు దగ్గర్నుంచి కదలడానికి లేదు. కాగితం ఎగుడుదిగుడుగా కదిలినా సెకను గుర్తులు పక్కనే పడుతుంటాయి కాబట్టి లెక్క కట్టుకోవచ్చు. కాకపోతే మరీ కుదుపులైతే గీత ఆకారమే పాడవుతుంది. సీతాపతిగారు నేల మీద మోకాళ్ల మీద కూర్చుని చక్రం పట్టుకున్నారు. చక్రం అరచుట్టు తిరిగి ఆగింది, ఒక్కసారిగా దూకింది, మళ్లీ ఆగింది. నా గుర్తులు కొన్ని ఇరుక్కుని, కొన్ని దూరదూరంగా పడ్డాయి.

మూడూ పదకొండు. గుమ్మంలో నీడ పడింది. ఓబులమ్మ. చీర కుచ్చిళ్లు తడిసి ఉన్నాయి. పరుగున వచ్చినట్టుంది, రొప్పుతోంది.

"రెండు తూర్లు ఆపినా గదా సారూ. పన్నెండు బిందెలు పోసినా, ఇంకా పన్నెండు పొయ్యల్ల. నీ మనిషి సైకిలు మీద తిరిగొస్తా చెప్పినాడు, నా ఫీజు పీకమన్నావంట. ఏం తప్పు చేసినా నేను?"

సీతాపతిగారు నేల మీద నుంచే తలెత్తి చూశారు. "నువ్వేం చెయ్యలేదమ్మా. తప్పు నాది. నా గదిలో దీపం నేనే ఆర్పలేదు. నువ్వనుకున్నాను." చేతిలోని చక్రాన్ని చూపించారు. "నీ మోటారే కాదు, మాదీ ఆగిపోయింది."

ఓబులమ్మ ఆయన్ని చూసింది. గోడకు ఆనించిన ట్యూబులైటును చూసింది. వకుళ రిసీవరు ముల్లు మీద నుంచి చూపు తిప్పకుండానే, "అక్కా, అయిదు నిమిషాల్లో పొయ్యి బయటికొస్తుంది. ఉంటే," అంది. ఆ గొంతులో బతిమాలడం కూడా లేదు, అంత భయం.

సీతాపతిగారి చేతిలో చక్రం మళ్లీ దూకింది.

"అట్లగాదు సారూ తిప్పేది," అంది ఓబులమ్మ విసురుగా. "జరుగు. ఇప్పుడు నా మోటరూ లేదు, ఊరికే నిలబడి ఏం చేసేది?"

ఆయన జరిగారు. ఆమె కాళ్లు మడుచుకుని కూర్చుంది. కొంగుకు చెయ్యి తుడుచుకుని చక్రం మీద వేళ్లు పెట్టింది. తిరగలి దగ్గర కూర్చున్నట్టే కూర్చుంది. రోజూ సేర్ల కొద్దీ రాగులు విసిరిన చెయ్యి అది. రాయి వేగంగా తిరిగితే పిండి ముతక, ఆగితే గింజ ఇరుక్కుంటుంది, అవి ఆ చేతికి తెలుసు.

"గడియారం తట్టు వినక్కా. తట్టుకీ తట్టుకీ మూడు పండ్లు. కలం ఏం చేసినా చూడొద్దు," అన్నాడు ఫకీరప్ప.

మొదటి పది తట్లకు ఆమె చెయ్యి కుదురుకుంది. నా గుర్తులు వరసగా, సమానంగా పడసాగాయి. నాలో తొమ్మిదేళ్లుగా మోటారు తిరిగింది గాని, మనిషి చెయ్యి తిరగడం అదే మొదలు. నేను మాటలు రాని యంత్రాన్నే కావచ్చు. ఆ తేడా నాకు తెలిసింది.

మూడూ పదహారు. గీత మెల్లగా లేచింది. పడమటి పొగ. ఓబులమ్మ కళ్లు మూసుకుంది. గీత నిమిషంపాటు ఎక్కి నిలిచింది. ఇక మధ్యభాగం. సీతాపతిగారు రెండు చేతులతో స్టూలు అంచు పట్టుకున్నారు. ఆయన నమ్మకం నిజమైతే ఇక్కడ గీత కదలకూడదు, తూర్పు పొగ వచ్చేదాకా బల్లపరుపుగా ఉండాలి. పది సెకన్లు బల్లపరుపుగానే ఉంది. ఇరవై. ముప్ఫై. వకుళ పెదవి కొరుక్కుంది.

అప్పుడే కాగితం అంచు పళ్ల మీదనుంచి జారబోయింది. ఫకీరప్ప బొటనవేలితో అణిచాడు. వేలికి సిరా అంటుకుంది, ముద్ర కాగితం మీద పడింది. కాగితం నిలబడింది. చక్రం ఆగలేదు.

గీత లేచింది. పొగలా కాదు. నిటారుగా, పది పన్నెండు సెకన్లలో పైకి లేచింది. లేచి ఊరుకోలేదు. పైన ఒకసారి దిగి, లేచి, మళ్లీ కొంచెం తక్కువగా దిగి, లేచి, చెరువులో రాయి వేస్తే వచ్చే అలల్లా సన్నగిల్లుతూ పోయింది. ఆ అలలు చాలా చిన్నదైన వస్తువు చంద్రుడి అంచు దాటినప్పుడే వస్తాయి. పెద్దదైతే అలలు చెరిగిపోతాయి. ఆ సంగతి షెడ్డులో ఇద్దరికి తెలుసు.

ఇంకో నిమిషానికి తూర్పు పొగ మెల్లగా ఎక్కింది.

"చాలక్కా," అన్నాడు ఫకీరప్ప. ఓబులమ్మకు వినపడలేదు. ఇంకో పది తట్లు తిప్పింది. వకుళ వచ్చి ఆమె చెయ్యి మీద తన చెయ్యి వేసినప్పుడు గాని ఆపలేదు.

"ఉండాదా పొయ్యి?" అని అడిగింది కళ్లు తెరిచి.

జవాబు సీతాపతిగారు చెప్పారు. "ఉంది తల్లీ. ఇంకా మండుతోంది." పదిహేనేళ్ల పని ఆ ఒక్క మాటతో పోయింది. ఆ మాట చెప్పాక ఆయన బయటికెళ్లి చాలాసేపు ఎండలో నిలబడ్డారు.

ఫ్యూజులు మర్నాడు మధ్యాహ్నానికి గాని పడలేదు. అప్పటికే ఓబులమ్మ చేను వాడిపోయింది. సీతాపతిగారు కేంద్రం బోరు నుంచి ఆమె చేలోకి గొట్టాలు వేయించి నాలుగు రోజులు నీళ్లు పారించారు. ఆ నాలుగు రోజులూ కేంద్రంలో ఎవరికీ స్నానాల్లేవు. గట్టువార చాళ్లు బతికాయి. మెరకన ఉన్న ఎకరం బతకలేదు. పీకి చూస్తే కింద కాయ లేదు. గెలాక్సీ సంగతి తేలిందని ఆ ఎకరం తిరిగి రాలేదు. ఓబులమ్మ ఆ మాట సీతాపతిగారి ముఖం మీదే చెప్పింది. ఆయన తల ఊపారు.

వారం తర్వాత ఆమె మళ్లీ షెడ్డుకు వచ్చింది. తాను తిప్పింది ఏ ముక్కో చూపించమంది. వకుళ కాగితం పరిచి చూపించింది. ఆ పొయ్యిలో ఏం మండుతోందని ఓబులమ్మ అడిగింది.

"అంత చిన్నచోట ఏం మండినా అంత శక్తి రాదక్కా. మండటం కాదేమో అనిపిస్తోంది. పడటం. చుట్టూ ఉన్న ధూళీ నక్షత్రాలూ ఒక లోతైన గుంటలోకి గిర్రున తిరుగుతూ పడుతుంటాయి. పడేటప్పుడు ఒరుసుకుని కాగిపోతాయి. లోపలికి పోకుండా తప్పించుకున్నదే ఈ పొగ. ఇది నా ఊహే, ఇంకా ఎవరూ రుజువు చెయ్యలేదు."

"ఎంత పడినా గుంట నిండదా?"

"పడేకొద్దీ ఇంకా పెద్దదవుతుంది."

ఓబులమ్మ గీత మీది అలలను చూపుడువేలితో తాకింది. "మా బావి అట్లుంటే బాగుండు," అంది.

వ్యాసం విదేశీ పత్రికకు పోయింది. చేత్తో తిప్పిన కాగితాన్ని ఎలా నమ్మమంటారని పత్రికవాళ్లు వెనక్కి రాశారు. వకుళ స్కేలు పెట్టి సెకను గుర్తుల మధ్య ఎడాన్ని ఒక్కొక్కటే కొలిచింది. ఓబులమ్మ తిప్పినప్పటి ఎడాలు నా మోటారు నడిచినప్పటి ఎడాల కన్నా సమానంగా ఉన్నాయి. నాకు కొంచెం సిగ్గేసింది. వ్యాసం అచ్చయింది. బొమ్మలో ఫకీరప్ప బొటనవేలి ముద్ర కూడా పడింది. మొదటి గీత డైరెక్టరు గదిలోని ట్యూబులైటు వల్ల చెడిందన్న వాక్యం సీతాపతిగారు స్వయంగా రాసి చేర్చారు. వద్దని వకుళ ఎంత చెప్పినా తీయలేదు. రెండేళ్లకు వేరే దేశంలో పెద్ద యాంటెన్నాలు ఆ గెలాక్సీని చూశాయి. మేం చెప్పిన చోటే, మేం చెప్పినంత చిన్నగా, దాని కేంద్రకం కనిపించింది.

తర్వాత కంప్యూటర్లు వచ్చాయి. నా పని అయిపోయింది. చాలా ఏళ్లు బీరువా మీద ఉన్నాను. ఇప్పుడు ఒక సైన్సు మ్యూజియంలో అద్దాల పెట్టెలో ఉన్నాను. పక్కన ఒక అట్ట పెట్టారు, 'స్వయంచాలిత చార్టు రికార్డరు' అని. ప్రారంభానికి వచ్చిన వకుళ జుట్టు పూర్తిగా నెరిసిపోయింది. అట్ట రెండుసార్లు చదివింది. అద్దం మీద చెయ్యి ఆనిస్తే, మ్యూజియం ఉద్యోగి వచ్చి, "ముట్టుకోకూడదు మేడం," అన్నాడు. ఆమె చెయ్యి తీసి, ఆఫీసు ఎటో అడిగి వెళ్లింది.

నెల తర్వాత అట్ట కింద ఇంకో వాక్యం చేరింది. 'దీని అత్యంత విలువైన నాలుగు నిమిషాల రికార్డును ఓబులమ్మ అనే రైతు చేత్తో తిప్పారు.' వచ్చినవాళ్లు పైవాక్యం చదువుతారు, కింది వాక్యం చదువుతారు, మళ్లీ పైది చదువుతారు. అచ్చుతప్పేమోనని చాలామంది ఉద్యోగికి చెప్పి వెళుతుంటారు.